ఫ్లూట్ లేని పాటలు

నాగావ్, భివండి
6 ఫిబ్రవరి 2004

బిడ్డ శారోన్‌కు కాక ఏసుదాసు రాసేది ఏమంటే, నువ్వు పుణె నుంచి పంపిన మూడు క్యాసెట్లూ పగలకుండా అందాయి.

మీ అమ్మ అట్టల మీద బొమ్మలు చూసి, "ఏంది ఏసుదాసూ, పార్థన చేసుకునే ఇంట్ల ఈ కొమ్ములేంది, ఈ పుర్రెలేంది?" అని మూడింటి మీదా తువ్వాలు కప్పింది. వదిన కప్పితే పాట ఆగుతుందా? శుక్రవారం మగ్గాలు బంద్ కదా, పొద్దున్నుంచి వాక్‌మన్ తగిలించుకుని కూర్చున్నాను. బ్యాండ్ల పేర్లు మాత్రం అడగకు. ఆ అక్షరాలు తుమ్మకంపలా ఎందుకు రాస్తారో దేవుడికే ఎరుక. బొమ్మను బట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను.

దుప్పి క్యాసెట్ మంచు దేశం వాళ్ళది. ఆ డ్రమ్ములవాడికి దండం పెట్టాలి. రెండు కాళ్ళతో తొక్కుతుంటే మన కార్ఖానాలో మగ్గాలన్నీ ఒకేసారి మొదలైనట్టుంది, అయినా తాళం తప్పడు. వాళ్ళ ముత్తాతల పాట ఒకటి తెచ్చి గిటార్ల మధ్య పెట్టారు. అది అతికించినట్టు లేదు, అక్కడే మొలిచినట్టుంది. నువ్వేమో "ఫ్లూట్ విను కాకా, పోయిన ప్రాణం లేచొస్తుంది" అని రాశావు. ఎక్కడుంది బిడ్డా ఫ్లూట్? తిప్పి తిప్పి విన్నాను. ఫ్లూట్ లేదు గీట్ లేదు.

పడవ క్యాసెట్ నాకు నచ్చలేదు. అట్ట మీద ఫిడేలు పట్టుకున్న పిల్ల బొమ్మ, లోపలేమో ఆ ఫిడేలు ఎక్కడో పక్క గల్లీలో వాయిస్తున్నట్టుంది. ఇప్పటి బ్యాండ్లకు ఇదొక రోగం. పల్లె పాటను కూరలో కరివేపాకులా వాడతారు, వాసన రాగానే తీసి అవతల పడేస్తారు. మూడోది బెంగాలీ పిల్లలది, సాధువు బొమ్మది. ఆ సాధువు గొంతు నిండుకుండ, వెనక గిటార్లు ఎంత గోల చేసినా తొణకదు. మూడింట్లో ఇదే మేలు.

నీకు గుర్తుందా, మీ బాపు పోయిన ఏడు, అంజూర్ ఫాటా గోడౌన్‌కు తుక్కు కింద వచ్చిన విదేశీ క్యాసెట్లు సంచి నిండా తెచ్చాను. నువ్వప్పుడు మూడో తరగతి. ఇంట్లో ఎవరికీ మాట రాని రోజులవి. ఆ గోల పెట్టుకుని మనిద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మా అన్న బిడ్డ పెద్దదై అట్లాంటి బ్యాండ్‌లోనే పాడుతుందని అప్పుడెవరన్నా అంటే నవ్వేవాణ్ణి.

ఇక్కడ కార్ఖానాలో పద్ధతి పోతోంది. మగ్గం లోపల చెయ్యి పెట్టేవాడు ముందు రెండు ఈలలు వేయాలి. అంత చప్పుడులో కేక వినపడదు, ఈల ఒక్కటే చీల్చుకుని వస్తుంది. అది విని, మగ్గాలు బాగుచేసే జాబర్‌ను నేను, మగ్గం ఆపి ఉంచాలి. ఈల వేయకుండా చెయ్యి పెడితే తప్పు వాడిదే, సేఠ్‌కు సంబంధం లేదు. మొదటి నుంచీ ఇదే కట్టు. ఈ మధ్య ఒక్కడూ ఈల వేయడం లేదు, నేనే కళ్ళతో చూసుకుని ఆపుతున్నాను. అడిగితే "ఏసినం గద అన్నా" అని నవ్వుతారు. వీళ్ళకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

మాట్లాడేది ఒక తెలుగు, రాసేది ఒక తెలుగు అని నవ్వకు. కలం పట్టగానే మన తెలుగు బడి సారు బెత్తం కనబడుతుంది. కొత్తవి వస్తే పంపు.

నీ చెవుల కాక

*

పుణె
18 ఫిబ్రవరి 2004

చెవుల కాకకు,

నీ ఉత్తరం క్లినిక్‌లో చదువుతూ పకపకా నవ్వాను. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒకాయన, తన వాచిన బుగ్గ చూసి నవ్వానని అలిగి వెళ్ళిపోయాడు. మా డాక్టరమ్మ చివాట్లు పెట్టింది. నంబర్లు పిలిచే ఉద్యోగంలో నవ్వు పనికిరాదట.

సాధువు గురించి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కరివేపాకు మాట మా వాళ్ళకు హిందీలో చెప్పాను, రూపేష్ దాన్ని గోడ మీద రాసుకున్నాడు. కానీ దుప్పి క్యాసెట్‌లో ఫ్లూట్ లేదంటావేంటి? మొదటి పాట మొదలయ్యేదే దానితో. కాపీ మీద కాపీ తీశాను కదా, అందులో అరిగిపోయి ఉంటుంది. మగ్గం దగ్గరికి కూడా పోకుండా చప్పుడు విని ఏది చెడిందో చెప్పేవాడివని నాగావ్ అంతా నిన్ను చెవుల ఏసుదాసు అంటారు. నువ్వు లేదన్నావంటే ఆ కాపీలో లేనట్టే.

ఇక అసలు సంగతి. మా సొంత ఆల్బమ్ మొదలైంది. పేరు "కండె", మన మగ్గంలో నూలు చుట్టే కండే. స్వప్నిల్ గిటార్, ఇదంతా నడిపేది అతనే. రూపేష్ డ్రమ్ములు, ఆర్తి ఫ్లూట్, నేను గొంతు. అందులో మొదటి పాట ఏమనుకున్నావు? బాపమ్మ నాట్లేసేటప్పుడు పాడేది! దానికి వేసిన దరువు నువ్వు సత్తు గిన్నె మీద కొట్టి నేర్పిందే. తాత బాప్తిస్మం తీసుకున్న రోజే డప్పు వదిలేశాడంటారు, మరి ఆ దరువు నీ వేళ్ళలోకి ఎట్లా వచ్చిందో తెలియదు.

ఏప్రిల్ ఆఖరున ముంబై నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చి వింటాడు. ఆయనకు నచ్చితే అది దుకాణాల్లోకి వస్తుంది. నచ్చకపోతే నేను జీవితమంతా పళ్ళవాళ్ళకు నంబర్లు పిలుస్తూ కూర్చోవడమే. కాకా, నాకు భయంగా ఉంది. పాట ముందుగా నీకే పంపుతాను. స్వప్నిల్ మాట నాకు సగమే నమ్మకం. నువ్వు బాగుందంటేనే బాగున్నట్టు.

అమ్మను మందులు మానొద్దని చెప్పు.

నీ శారోన్

*

నాగావ్
19 మార్చి 2004

శారోన్ బిడ్డకు,

పాట వచ్చింది. షిఫ్ట్ నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా విన్నాను. మీ అమ్మ అన్నం పెట్టి పిలిచిందట, నేను పలకలేదట, కోపంతో కంచం నా ముందు నుంచి ఎత్తేసింది. బీపీ వచ్చిన దగ్గర్నుంచి వదిన గొంతు పడిపోయింది. నోట్లో నోట్లో మాట్లాడుతుంది. నేను "ఆ? ఆ?" అంటే, "నేను మంచిగనే మాట్లాడుతున్న, నీ పానమే ఆ డబ్బాల వడ్డది" అని చెవి దగ్గరికొచ్చి అరుస్తుంది. ముందే అట్లా అంటే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతం.

ముందు మంచి చెబుతాను. డప్పు మొదలవగానే ఒళ్ళు జలదరించింది. మా నాయన నడుముకు డప్పు కట్టుకుని ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. లావు తీగల గిటార్ భూమిలోంచి వస్తోంది. ఇంత బరువైన పాటలో దరువు ఎక్కడా నలగలేదు, ఆ రూపేష్‌కు నా తరఫున శెభాష్ చెప్పు. నువ్వు దీంతో పంపిన కొమ్ముబూర క్యాసెట్ కూడా విన్నాను. పెళ్ళి బాజావాళ్ళకు కల్లు ఎక్కువైతే అట్లాగే వాయిస్తారు. నాకు నచ్చింది.

ఇప్పుడు చెడు. నీ గొంతేమైంది? మందపు దుప్పటి కప్పుకుని పాడినట్టుంది, ఒక్క మాట తెలియడం లేదు. బాపమ్మ పాట నాకు కంఠతా వచ్చు కాబట్టి అదేనని పోల్చుకున్నాను. ఇక ఆ ఆర్తి అన్న పిల్ల అసలు వాయించిందా? ఫ్లూట్ పాట మొత్తంలో లేదు. కాపీ తప్పని మళ్ళీ అనకు. డప్పు అంత నిక్కచ్చిగా వచ్చిన కాపీలో గొంతు ఎందుకు రాదు?

నాకు తోచింది చెబుతాను, నొచ్చుకోకు. నీ దగ్గర దరువు తీసుకున్నారు, బాపమ్మ పాట తీసుకున్నారు. పని అయ్యాక నీ గొంతు అణిచి వాళ్ళ గిటార్లు పైకి తెచ్చుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. భివండి మగ్గాల పిల్ల అంటే వాళ్ళకు లోకువ. మీ బాపు ఉంటే పుణె వచ్చి ఆ స్వప్నిల్ చొక్కా పట్టుకునేవాడు. నువ్వు నోరు మూసుకుని ఉండకు. నిలబెట్టి అడుగు.

పక్కింటి యమునాబాయికి ఫోన్ చేయకు. ఆ ఫోన్ చెడింది, ఎవరు మాట్లాడినా బుస్సుమంటుంది తప్ప మాట రాదు. ఏదున్నా నాకు ఉత్తరమే రాయి.

నీ మంచి కోరే కాక

*

పుణె
27 మార్చి 2004

కాకా,

నువ్వు చెప్పినట్టే నిలబెట్టి అడిగాను. స్వప్నిల్ బిత్తరపోయాడు. "గొంతే అన్నిటికన్నా పైన ఉంది, ఎవరన్నారు నీకు?" అన్నాడు. మా కాక అన్నాడు, ఆయన చెవులు నీ స్టూడియో కన్నా మేలు అన్నాను. ఆర్తి ఏడ్చింది. ఆ ఫ్లూట్ కోసం ఆమె వారాల తరబడి ఒకే ముక్క వాయించింది, నేను అందరి ముందూ "అసలు లేదు" అనేశాను.

చివరికి నా పోరు పడలేక గొంతూ ఫ్లూటూ పెంచారు. రూపేష్ చెవులు మూసుకున్నాడు. స్టూడియో ఆయన, ఇంకా పెంచితే చెవుల్లో సూదులు గుచ్చినట్టుంటుందమ్మా అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ గట్టిగానే వినిపించింది. కానీ రోజూ వినీ వినీ నా చెవులే మొద్దుబారాయేమో. లేకపోతే స్టూడియోలో నాకు ఒకటి వినిపించి, కాపీ మీద ఇంకొకటి ఎక్కించి ఇస్తున్నారేమో. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అందరి మొహాలూ అనుమానంగానే కనబడుతున్నాయి. నిన్న ఆర్తి టీ ఇస్తే తాగలేదు.

అందుకే ఈ క్యాసెట్ తీయించాను. ఒక వైపు ఆర్తి ఫ్లూట్ ఒక్కటే, డప్పు లేదు, గిటార్ లేదు. రెండో వైపు నా గొంతు ఒక్కటే. స్వప్నిల్ రెండు కాపీలు చేశాడు, ఒకటి నీకు, ఒకటి నా దగ్గరుంది. నా వాక్‌మన్ నీకే ఇచ్చి వచ్చాను కదా, హాస్టల్లో వినడానికి నాకేం లేదు. నువ్వే విని ఒక్క మాట రాయి. ఇందులో కూడా లేదంటే వీళ్ళు నన్ను మోసం చేస్తున్నట్టే. ఆ రోజే మానేస్తాను, కంపెనీ మనిషి వచ్చినా సరే.

ఆలస్యం చేయకు.

శారోన్

*

నాగావ్
2 ఏప్రిల్ 2004

బిడ్డా,

దొంగలు దొరికారు! నువ్వు ఫ్లూట్ వైపు అని రాసిన వైపంతా ఖాళీ. మొదటి నుంచి చివరిదాకా విన్నాను, టేపు తిరుగుతున్న గరగర తప్ప ఏమీ లేదు. ఏమీ వాయించని చోట ఏం ఎక్కించి ఇస్తారు పాపం? ఆ పిల్ల ఏడుపు కూడా నాటకమేనేమో చూసుకో.

రెండో వైపు నువ్వున్నావు, కానీ బావిలోంచి పిలిచినట్టున్నావు. దరువు దగ్గర ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది, మాటలు తెలియడం లేదు. నువ్వు నాగావ్ చర్చిలో పాడితే వెనక బెంచీల దాకా ఖంగుమనేది. ఆ గొంతును ఇట్లా చేసినవాళ్ళతో నీకేం పని? మానెయ్. డప్పూ మనదే, పాటా మనదే. ఇంకొకరు దొరకకపోరు.

నేను ఇంత గట్టిగా చెప్పడం నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ నీకు నేను అబద్ధం చెప్పను. ఈస్టర్‌కు రాగలిగితే రా. భివండి రోడ్‌కు బండ్లు తక్కువ, కళ్యాణ్‌లో దిగి బస్సెక్కు.

కాక

*

నాగావ్
14 ఏప్రిల్ 2004

శారోన్,

ఈస్టర్‌కు నువ్వు రాలేదు, ఉత్తరమూ లేదు. మానేశావో లేదో తెలియదు. ఇక్కడ ఒక చెడ్డ పని జరిగింది. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

మా కార్ఖానాలో కనకయ్య తెలుసు కదా, జగిత్యాల వైపు మనిషి, నీకు చిన్నప్పుడు రంగు రంగుల నూలు ముక్కలు తెచ్చిచ్చేవాడు. పోయిన వారం అతని మగ్గం కింద పండ్ల చక్రంలో నూలు చుట్టుకుంది. నేను ఇవతల హ్యాండిల్ దగ్గర ఉన్నాను. అతను అవతల వంగాడు, నాకు కనబడడు. ఈల కోసం చూశాను. రాలేదు. లోపల చెయ్యి లేదనుకుని మగ్గం నడిపే హ్యాండిల్ లాగాను. కుడి చేతి రెండు వేళ్ళు పోయాయి.

ఈల వేశానంటాడు. రెండుసార్లు వేశానంటాడు. పక్క మగ్గం నారాయణ కూడా విన్నానంటాడు, వాళ్ళిద్దరిదీ ఒకే ఊరు, అనక ఏం చేస్తాడు? సేఠ్ దత్తాత్రి అందరినీ కూర్చోబెట్టాడు. ఈల వేసి ఉంటే సేఠ్ వైద్యం చేయించి పనిలో ఉంచుకోవాలి. వేయకపోతే కనకయ్య ఖర్మ. సేఠ్ నన్ను అడిగాడు. "చెవుల ఏసుదాసు ఇనలేదంటే ఈల ఎయ్యనట్టే. ఇంక దీంట్ల మాటేముంది?" అని అందరికీ వినబడేట్టు అన్నాడు. నేను బైబిల్ తెప్పించి దాని మీద చెయ్యి పెట్టి చెప్పాను, ఈల రాలేదని. గుడ్ ఫ్రైడేకు ముందు రోజు. కనకయ్యను పనిలోంచి తీసేశారు.

అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. ఏమన్నావని నేను అడగలేదు. అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. నేను నిజమే చెప్పాను కదా? అబద్ధం చెప్పినవాడికి ఉండాల్సిన బాధ నాకెందుకు ఉంది? నా చెవుల సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నువ్వు ఒక్క మాట రాయి, నాకు ధైర్యంగా ఉంటుంది.

కాక

*

పుణె
19 ఏప్రిల్ 2004

కాకా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అమ్మ పక్కన ఉంటే మంచిది.

నీ మాట మీద నేను బ్యాండ్ మానేశాను. ఏప్రిల్ ఆరున. ఖాళీ క్యాసెట్ ఇచ్చారని స్వప్నిల్‌ను నానా మాటలూ అన్నాను. వారం తిరక్కుండా పూనం అనే అమ్మాయిని తెచ్చుకున్నారు, నా గొంతు తీసేసి ఆమెతో పాడిస్తున్నారు. బాపమ్మ పాట కూడా ఆమే పాడుతోంది.

ఈస్టర్ తర్వాత నువ్వు రాసిన ఉత్తరం మొన్న వచ్చింది. ఈల మాట చదవగానే లేచాను. పక్క గది అమ్మాయిని అడిగి ప్లేయర్ తెచ్చి నా దగ్గరున్న కాపీ పెట్టాను. కాకా, ఆ క్యాసెట్ ఖాళీ కాదు. ఆర్తి ఫ్లూట్ నిండుగా ఉంది. ఎంత బాగుందంటే, వరండాలో పోతున్నవాళ్ళు ఆగి ఎవరు వాయిస్తున్నారని అడిగారు.

నీకు వచ్చిన కాపీయే చెడ్డదేమోనని యమునాబాయి ఇంటికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. నువ్వు షిఫ్ట్ నుంచి వచ్చాక ఆ క్యాసెట్టే పెద్ద టేపులో పెట్టి చూడమన్నాను. ఈ పొద్దున మళ్ళీ చేశాను. అమ్మ ఏమందో అట్లాగే రాస్తున్నాను: "పిల్లనగ్రోవి మస్తు మోగుతుంది బిడ్డా. మీ కాక నా పక్కకే కూసున్నడు. సగం పాట అయిపోయినంక నన్ను వట్టుకొని, ఇంకా షురూ కాలేదా వదినా అని అడిగిండు. నేనేం చెప్పాలె? చీర కొంగు నోట్లె కుక్కుకున్న."

యమునాబాయి ఫోన్ చెడలేదు. అమ్మ గొంతు పడిపోలేదు. కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడతారు, ఇంట్లో అందరూ అరుస్తారు. అందుకే ఎవరికీ తెలియలేదు. నీకు డ్రమ్ములు వినబడతాయి, డప్పు వినబడుతుంది. సన్నటిది ఏదీ వినబడడం లేదు. ఎప్పటి నుంచో.

నాకు కోపం వచ్చింది. నీ మీద కాదని అబద్ధం చెప్పను. నీ ఉత్తరాలు గోడకేసి కొట్టాను. తర్వాత ఏడ్చాను. నా సంగతి నేను చూసుకుంటాను, ఆర్తి కాళ్ళు పట్టుకునైనా క్షమించమంటాను. కానీ కాకా, కనకయ్య ఈల వేశాడు. రెండుసార్లు వేసే ఉంటాడు. నువ్వు ధైర్యం చెప్పమన్నావు, నేను ఇది చెబుతున్నాను. వెళ్ళి చెవుల డాక్టర్‌కు చూపించుకో. సేఠ్ దగ్గరికి పో. ఆలస్యం అయితే కనకయ్య ఊరికి వెళ్ళిపోతాడు.

నీ శారోన్

*

నాగావ్
22 ఏప్రిల్ 2004

శారోన్,

నువ్వు కూడానా?

ఈ చెవులతోనే పద్దెనిమిదేళ్ళు మగ్గాల రోగాలు చెప్పాను. ఈ చెవులతోనే నీకు పాట వినడం నేర్పాను. ఇవాళ నువ్వు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడగానే కాక చెవిటివాడైపోయాడు. ఆ స్వప్నిల్ దగ్గర మళ్ళీ చేరడానికి నీకొక వంక కావాల్సి వచ్చింది, అంతే కదా. మీ అమ్మ కూడా నీకే వంత పాడుతుంది. తానా అంటే తందానా.

నేను బైబిల్ మీద చెయ్యి పెట్టిన మనిషిని. నువ్వు చెప్పింది నిజమైతే నేనేమవుతాను? అది ఆలోచించావా?

నాకు ఉత్తరాలు రాయకు.

*

నాగావ్
7 మే 2004

శారోన్ తల్లీ,

పోయిన ఉత్తరం చించెయ్. రాసినవాడికి బుద్ధి లేదు.

మొన్న శుక్రవారం మగ్గాలు బంద్ ఉన్నప్పుడు నారాయణను బతిమాలి కార్ఖానాకు తీసుకుపోయాను. నేను హ్యాండిల్ దగ్గర గోడ వైపు తిరిగి నిలబడతాను, నువ్వు ఈల వేస్తూ ఉండు అన్నాను. ఒక్క మగ్గం ఆడడం లేదు. నిలబడ్డాను. ఎంతసేపటికీ వేయడు. విసుగొచ్చి, "ఏస్తవా ఎయ్యవా?" అని వెనక్కి తిరిగాను. నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, మొహమంతా ఎర్రగా చేసుకుని ఊదుతున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి అతనికి.

డాక్టర్ కాగితం మీద గీత గీసి చూపించాడు. నరం చచ్చిందట, మగ్గాల చప్పుడుకే, తిరిగి రాదట. వదిన పక్కన కూర్చుని అంతా విని, బస్సులో నా చెవి దగ్గర అరిచి అరిచి చెప్పింది. బస్సులో వాళ్ళంతా విన్నారు.

సేఠ్ దగ్గరికి పోయాను. నాదే తప్పు, కనకయ్య ఈల వేశాడు, నాకే వినబడలేదు అన్నాను. దత్తాత్రి గొంతు పెద్దది, అందుకని వినిపించింది. "నాడు బైబిల్ మీద చెయ్యి వెట్టి ఒకటి చెప్తివి. ఇయ్యాల ఇంకోటి చెప్తున్నవ్. రేపు ఏం చెప్తవో? గిట్ల మాట మారిస్తే నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. కనకయ్యకు ఏమీ ఇవ్వనన్నాడు. చెవిటివాణ్ణి జాబర్‌గా పెట్టుకోలేనని నన్ను కూడా రావద్దన్నాడు. అది న్యాయమే. నేను చెప్పిన అబద్ధాన్ని వెంటనే నమ్మినవాడు నిజాన్ని మాత్రం నమ్మలేదు.

నీ పాట గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. నీకు వచ్చిన ఒక్క అవకాశాన్ని నేనే నా చేత్తో చెడగొట్టాను. దుప్పి క్యాసెట్‌వాళ్ళను అన్నాను, ఫిడేలు పిల్లను అన్నాను, ఆర్తిని దొంగ అన్నాను. ఆ పిల్లకు చెప్పు, భివండిలో ఒక ముసలి మూర్ఖుడు ఆమెకు క్షమాపణ చెప్పుకుంటున్నాడని. నాకింక క్యాసెట్లు పంపకు. మీ అమ్మకు పంపు, ఆమె వింటుంది.

నిన్న కనకయ్య ఇంటికి పోయాను. అతను అప్పటికే ఊరికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఓదెమ్మ ఒక్కతే మూటలు కడుతోంది. అతని భార్య, మొదటి నుంచీ సన్నటి గొంతు మనిషి. నేను గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. చెవుల సంగతి మాత్రం చెప్పలేదు. అది చెబితే తప్పించుకోవడానికి వంక చెప్పినట్టుంటుందని నోరు రాలేదు. నాదే తప్పమ్మా అన్నాను, అంతే.

ఆమె చేతిలోని తాడు కింద పెట్టి మాట్లాడడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. నేను ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను. తిట్టిందో, కనకయ్య చెయ్యి ఎట్లా ఉందో చెప్పిందో, దేవుడు చూసుకుంటాడని వదిలేసిందో నాకు ఒక్క ముక్క తెలియలేదు. గట్టిగా చెప్పమని ఎట్లా అడుగుతాను బిడ్డా? తన ఏడుపును నా కోసం ఇంకోసారి అరిచి చెప్పమంటానా?

చివరికి ఆగింది. నన్ను ఏదో అడిగింది. అడిగిందని ఆమె కళ్ళను బట్టి తెలిసింది. జవాబు కోసం నిలబడింది. నేను అవునని తల ఊపాను. ఆమె మొహం తెల్లబోయింది. రెండు అడుగులు వెనక్కి వేసి తలుపు మూసుకుంది.

ఆమె ఏం అడిగిందో, నేను దేనికి అవునన్నానో నాకు తెలియదు.

కాక